అసుర సాధకం: జాన్ కోల్‌ట్రేన్ పదేళ్లు

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక చర్చి ఉంది. అక్కడి పటంలో తల చుట్టూ బంగారు వలయంతో ఒక నల్లజాతి మనిషి కనిపిస్తాడు. చేతిలో శాక్సోఫోన్, దాని నోట్లోంచి లేస్తున్న మంటలు. ఆరాధనలో వాయించేదీ అతని సంగీతమే. జాన్ కోల్‌ట్రేన్ 1967లో, నలభయ్యేళ్ల వయసులో చనిపోయాడు. తర్వాత కొన్నేళ్లకు అతని అభిమానులు మొదలుపెట్టిన ఒక ప్రార్థన బృందం 1982లో ఆఫ్రికన్ ఆర్థొడాక్స్ చర్చిలో చేరింది. జాజ్ వాయించుకుని బతికిన మనిషి అలా పునీతుల వరుసలోకి వచ్చాడు.

కోల్‌ట్రేన్ గురించి రాసేవాళ్లలో చాలామంది ఈ పటం దగ్గరే ఆగిపోతారు. మత్తుమందుకు బానిసైన కళాకారుడు, దైవకృప, కొత్త జన్మ, అమరమైన కృతి, అకాల మరణం. పురాణం చెప్పడానికి దినుసులన్నీ సిద్ధంగా ఉన్నాయి. చిక్కల్లా ఏమిటంటే, ఈ పురాణం విన్న చెవికి ఆ తర్వాత సంగీతం సరిగ్గా వినపడదు. ప్రతి స్వరమూ ప్రార్థనలాగే తోస్తుంది, ఏది బాగుందో ఏది బాగాలేదో అడగడం అపచారమైపోతుంది.

మన సంగీతం మేష్టార్ల దగ్గర ఇంతకంటే పనికొచ్చే మాట ఒకటుంది: అసుర సాధకం. చీకటితో లేచి కూర్చుని, అదే వరుసను అన్ని కాలాల్లో, అన్ని స్థాయిల్లో, ఇంట్లోవాళ్లు విసుక్కునేదాకా తోమడం. మనుషులు చేసే సాధన కాదిది, రాక్షసులు చేసేది అని మెచ్చుకోలూ భయమూ కలిసిన మాట. కోల్‌ట్రేన్ జీవితాన్ని ఆ పటం వైపు నుంచి కాక ఈ మాట వైపు నుంచి చూస్తే, అతను పదేళ్లలో మూడు నాలుగు సార్లు తన సంగీతాన్ని తానే ఎందుకు పక్కనపెట్టి మళ్లీ మొదలుపెట్టాడో అర్థమవుతుంది.

అతను బాలమేధావి కాడు. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. 1926 సెప్టెంబర్ 23న నార్త్ కరోలినాలోని హామ్లెట్ అనే రైల్వే ఊళ్లో పుట్టాడు, దగ్గర్లోని హై పాయింట్‌లో పెరిగాడు. తండ్రి దర్జీ, సరదాకి వాద్యాలు వాయించేవాడు. తల్లి తండ్రి చర్చిలో బోధకుడు. 1938 చివర, 1939 మొదట్లో కొద్ది వారాల తేడాతో తాతా, తండ్రీ ఇద్దరూ పోయారు. పన్నెండేళ్ల పిల్లవాడు. ఇల్లు గడవడానికి తల్లి ఉత్తరాదికి పనికి వెళ్లిపోతే పిన్ని దగ్గర, పిన్ని కూతురు మేరీతో కలిసి ఉన్నాడు. ఆ ఊరి బ్యాండ్‌లో క్లారినెట్, తర్వాత బడిలో ఆల్టో శాక్సోఫోన్ పట్టుకున్నది ఆ రోజుల్లోనే. 1943లో బడి ముగించి ఫిలడెల్ఫియా చేరాడు.

1945 జూన్‌లో అక్కడ ఆల్టో శాక్సోఫోన్ మేటి చార్లీ పార్కర్ కచేరీ విన్నాడు. ఆ తరం కుర్రాళ్లందరిలాగే అతనూ పార్కర్ మాయలో పడ్డాడు. కొన్నాళ్లు నౌకాదళంలో, హవాయిలో ఉండగా 1946లో తోటి నావికులతో చేసిన రికార్డు ఒకటి దొరుకుతోంది. వింటే పార్కర్‌ను అనుకరించాలని తంటాలు పడే మామూలు కుర్రాడు తప్ప రాబోయేదాని ఆనవాలేమీ ఉండదు. తిరిగొచ్చాక ఫిలడెల్ఫియాలోని గ్రానాఫ్ సంగీత పాఠశాలలో డెనిస్ శాండోల్ దగ్గర స్వరసంపుటి (కార్డ్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు) శాస్త్రం చదివాడు. ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ బృందంలో కొన్నాళ్లు వరుసలో ఒకడిగా వాయించాడు. కడుపు కోసం బార్ బల్లమీద ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ, తాగేవాళ్ల గ్లాసుల మధ్య అడుగులేస్తూ ఊదే ఉద్యోగాలూ చేశాడు.

1955 మార్చిలో చార్లీ పార్కర్ 34 ఏళ్లకే చనిపోయాడు. అదే ఏడాది శరత్కాలంలో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ తన కొత్త బృందంలోకి కోల్‌ట్రేన్‌ను తీసుకున్నాడు. అంటే పార్కర్ జీవితమంతా ముగిసిన వేళకి, అతనికంటే ఆరేళ్లు మాత్రమే చిన్నవాడైన కోల్‌ట్రేన్ పేరు జనానికి అప్పుడప్పుడే తెలుస్తోంది. ముప్ఫయ్యో పడి గుమ్మంలో ఉన్న మనిషికి అది ఆలస్యమే. విన్నవాళ్లందరికీ నచ్చనూ లేదు. కర్కశంగా ఉంది, ఎటో మొదలై ఎటో పోతోంది అన్నవాళ్లు చాలామంది.

సాధకం మాత్రం అప్పటికే భయపెట్టే స్థాయికి చేరింది. కచేరీకీ కచేరీకీ మధ్య విరామంలో తోటివాళ్లు సిగరెట్ కాల్చుకుంటుంటే అతను వెనక గదిలో స్వరవరుసలు ఊదేవాడు. రాత్రి పొద్దుపోయాక పొరుగువాళ్లు గొడవ చేస్తారని ఊపిరి వదలకుండా ఒట్టి మీటల మీద వేళ్లు ఆడించేవాడు. శాక్సోఫోన్ పాఠాలు చాలక పియానో విద్యార్థుల అభ్యాసాలు, హార్ప్ విద్యార్థుల అభ్యాసాలు తెచ్చుకుని వాయించేవాడు. నికొలస్ స్లొనిమ్‌స్కీ 1947లో అచ్చువేసిన స్వరమాలికల నిఘంటువు ఒకటి అతని చేతిలో నలిగిపోయింది. సంగీతం కట్టేవాళ్లు అవసరమైనప్పుడు తిరగేసి చూసుకోవాలని తయారుచేసిన పుస్తకం అది. నిఘంటువును కూర్చుని మొదటి పేజీ నుంచి బట్టీపట్టే మనిషిని ఊహించుకోవచ్చు.

హెరాయిన్ కూడా అప్పుడే ఉంది, తాగుడు కూడా. వేదిక మీద కునికిపాట్లు పడే కోల్‌ట్రేన్‌ను మైల్స్ డేవిస్ 1957లో తీసేశాడు. ఫిలడెల్ఫియాలో తల్లితో కలిసి ఉంటున్న ఇంట్లో ఒక గదిలో చేరి, కొన్ని రోజులు మంచినీళ్లతో గడిపి, రెండు అలవాట్లనూ మానేశాడు. ఏడేళ్ల తర్వాత ఒక ఆల్బం అట్టమీద తనే రాసుకున్నాడు: 1957లో దేవుడి దయవల్ల తనకు ఆధ్యాత్మికమైన మేలుకొలుపు కలిగిందని. పునీతుడి కథకు పునాది ఈ వాక్యమే.

దాన్ని శంకించాల్సిన పనిలేదు. కానీ మేలుకున్నవాడు చేసిన మొదటి పని ఏమిటన్నది ఇంకా ఆసక్తికరం. పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ ఇంటికి పొద్దున్నే వెళ్లి, నిద్రపోతున్న మనిషిని లేపేవాడు. మంక్ లేచి నేరుగా పియానో దగ్గరికి నడిచి తన రచన ఒకటి వాయిస్తే, ఇతను శాక్సోఫోన్ మీద వెతుక్కునేవాడు. చిక్కు వచ్చినచోట మంక్ ఆగి చూపించేవాడు. అలా రోజులు. మంక్‌ను గొప్ప వాస్తుశిల్పితో పోల్చాడు కోల్‌ట్రేన్ తర్వాత. ఆ ఏడాది వేసవి నుంచి నెలల తరబడి న్యూయార్క్ ఫైవ్ స్పాట్ క్లబ్బులో ఇద్దరూ కలిసి వాయించారు. 1957 నవంబర్ 29న కార్నెగీ హాల్‌లో వాళ్లు చేసిన కచేరీ టేపు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అలమారాల్లో మరుగునపడి 2005లో దొరికింది. అది వింటే బానిస విడిపించుకున్న సంకెళ్ల చప్పుడేమీ ఉండదు. పని బాగా నేర్చుకున్న మనిషి తేటగా, తడబాటు లేకుండా మాట్లాడుతుంటాడు.

1958లో మైల్స్ దగ్గరికి తిరిగి వచ్చేసరికి వాయింపు మారిపోయింది. ఒక స్వరం తర్వాత ఒక స్వరంగా కాక గుత్తులు గుత్తులుగా, ఒకే సంపుటి మీద ఎన్ని దారులుంటే అన్నీ ఒకేసారి పరిచేయాలన్న ఆత్రం. ఐరా గిట్లర్ అనే విమర్శకుడు దాన్ని నాదపు దుప్పట్లు అన్న అర్థంలో వర్ణించాడు. మైల్స్‌కు ఈ పొడుగు వ్యవహారం ఎప్పుడూ తలనొప్పే. ఎక్కడ ఆపాలో తెలియడం లేదని కోల్‌ట్రేన్ మొరపెట్టుకుంటే, వాద్యం నోట్లోంచి తియ్యి, అదే ఆగుతుంది అన్నాడని జాజ్ లోకంలో అందరూ చెప్పుకునే కథ.

1959 వసంతంలో రెండు వారాల వ్యవధిలో జరిగిన రెండు రికార్డింగులు పక్కపక్కన పెట్టి చూడాలి. మైల్స్ డేవిస్ ఆల్బం 'కైండ్ ఆఫ్ బ్లూ' రెండో విడత ఏప్రిల్ 22న. ఆ ఆల్బం కిటుకు సంపుటుల మార్పును దాదాపు ఆపేయడం. మొదటి రచనలో ఉన్నవి రెండే మేళాలు (స్వరాల వరుసలు), ఒకదానిమీద నిమ్మళంగా కూర్చుని కల్పన చేసుకోవచ్చు. సరిగ్గా పన్నెండు రోజుల తర్వాత, మే 4, 5 తేదీల్లో, కోల్‌ట్రేన్ తన సొంత ఆల్బం 'జెయింట్ స్టెప్స్' చాలావరకు రికార్డు చేశాడు. అందులో కిటుకు పూర్తిగా తలకిందులు.

కర్ణాటక సంగీతం కాస్త విన్న చెవికి దీన్ని చెప్పడం తేలికే. మన కచేరీలో తంబూరా పట్టుకున్న షడ్జమం, అంటే ఆధారమైన 'స', చివరి మంగళం దాకా కదలదు. 'జెయింట్ స్టెప్స్' శీర్షిక రచనలో షడ్జమమే పరుగెడుతుంది. పాశ్చాత్యులు బి, జి, ఇ ఫ్లాట్ అనే మూడు స్వరస్థానాల మధ్య. ఒక్కో గెంతు 'స' నుంచి అంతర గాంధారానికి, అంటే పెద్ద 'గ'కు, ఉన్నంత దూరం. ఒక స్థాయిని ('స' నుంచి పై 'స' దాకా) సరిగ్గా మూడు సమభాగాలు చేసి ముక్కోణంలో తిరగడమన్నమాట, స్లొనిమ్‌స్కీ నిఘంటువులో కనిపించే విభజన ఇది. మొత్తం 16 బార్లు (నాలుగేసి దెబ్బల ఆవర్తనాలు), వాటిలో 26 సంపుటులు. నిమిషానికి దాదాపు 290 దెబ్బల వేగంలో ఆ చుట్టు పదమూడు సెకన్లలో అయిపోతుంది. ఏ షడ్జమమూ రెండు సెకన్లయినా ఒకచోట నిలవదు. ఆ రెండు సెకన్లలోపే ఆధారం మారిందని వాయించేవాడి వేళ్లకు తెలియాలి, అర్థవంతమైన మాటొకటి పలకాలి, పక్క షడ్జమానికి దారి వేయాలి.

కోల్‌ట్రేన్ దీన్ని చెమట పట్టకుండా దాటేస్తాడు. నెమ్మదించి వింటే రహస్యం బయటపడుతుంది. మన సరళి వరుసల భాషలో చెప్పాలంటే 'స రి గ ప' అనే నాలుగు స్వరాల ముక్క మళ్లీ మళ్లీ వస్తుంటుంది, ప్రతిసారీ కొత్త షడ్జమం మీద. అంటే అక్కడికక్కడ పుట్టిన కల్పన ఎంతో, గదిలో కూర్చుని వందలసార్లు తోమిన వరుసలు అంత. ఇది లోపమా? ఆ రచన విన్నప్పుడు లెక్కలు బాగా వచ్చిన కుర్రాడు పలక నింపుతున్నట్టు అనిపించే క్షణాలు ఉన్నాయి, దాచుకోనక్కర్లేదు. అదే ఆల్బంలో మొదటి భార్య పేరుతో కట్టిన 'నైమా' నిదానపు గీతం, తోబుట్టువులా పెరిగిన మేరీ కోసం కట్టిన 'కజిన్ మేరీ' మనసుకు దగ్గరగా వస్తాయి.

శీర్షిక రచనలో మనిషి వాసన తగిలేచోటు ఒకటి ఉంది, అది కోల్‌ట్రేన్‌ది కాదు. పియానో మీద టామీ ఫ్లానగన్. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో నమ్మకానికి మారుపేరైన వాద్యకారుడు. శాక్సోఫోన్ ముగిశాక అతని వంతు వస్తుంది. చక్కగానే ఎత్తుకుంటాడు. కొన్ని బార్లు గడిచాక వాక్యం తెగుతుంది. మళ్లీ అందుకుంటాడు, మళ్లీ తెగుతుంది. చివరికి కల్పన వదిలేసి ఒట్టి సంపుటులు నొక్కుకుంటూ తన వంతు పూర్తిచేస్తాడు. ఆ టేపు అలాగే విడుదలైంది. జాజ్ నేర్చుకునే ప్రతి విద్యార్థీ ఈ ఘట్టం విని ఒక్క క్షణం వణుకుతాడు. తన వేళ్లకు తెలియనిది దారిలో ఎదురైతే ఏమవుతుందో అక్కడ వినిపిస్తుంది.

ఇంత కష్టపడి కట్టిన కోటలో కోల్‌ట్రేన్ కాపురం ఉండలేదు. 1960 అక్టోబర్‌లో, బ్రాడ్‌వే నాటకం 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్'లో పిల్లల పాటలాంటి 'మై ఫేవరిట్ థింగ్స్'ను తీసుకుని, సొప్రానో శాక్సోఫోన్ మీద పదమూడు నిమిషాల పైచిలుకు వాయించాడు. తిన్నగా క్లారినెట్‌లా ఉండే ఆ వాద్యానికి సన్నాయిని గుర్తుచేసే ముక్కు గొంతు. ఇప్పుడు సంపుటుల పరుగు లేదు. తిస్రపు (మూడేసి దెబ్బల) నడకలో పియానో రెండే సంపుటుల మీద ఊగుతుంది. ఒకదానిలో సాధారణ గాంధారం, ఇంకోదానిలో దానికి ఒక మెట్టు పైనున్న అంతర గాంధారం. పాట ఇంత చీకటిగా ఉందేమిటి అనుకునేలోపు వెలుతురొస్తుంది, మళ్లీ చీకటి. రేడియోలు దాన్ని మోగించాయి, రికార్డు అమ్ముడుపోయింది. 'జెయింట్ స్టెప్స్' కట్టిన మనిషి ఏడాదిన్నరకే ఎదుటి ఒడ్డున తేలాడు.

మెకాయ్ టైనర్ పియానో, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్, కొద్దికాలానికి జిమ్మీ గారిసన్ డబుల్ బేస్. 1962 నుంచి 1965 దాకా స్థిరంగా ఉన్న ఈ నలుగురి బృందం లేకపోతే ఆ తర్వాతి కథ లేదు. ముఖ్యంగా ఎల్విన్ జోన్స్. ఒక చేతిలో తిస్రం, ఇంకో చేతిలో నాలుగు దెబ్బల చతురశ్రం, కాళ్లకింద వేరే లెక్క. కోల్‌ట్రేన్ ఇరవై నిమిషాలు వాయించగలిగాడంటే కింద ఆ సముద్రం కదులుతూ ఉండబట్టే.

1961 నవంబర్‌లో న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో కొన్ని రాత్రులు టేపు చేశారు. అందులో ఒక రచన పేరే 'ఇండియా'. అప్పటికి అతను రవిశంకర్ రికార్డులు వింటున్నాడు. ఇద్దరు డబుల్ బేస్ వాద్యకారుల్ని పెట్టుకున్నాడు, ఒకే ఆధార శ్రుతి కదలకుండా మోగడానికి. ఎరిక్ డాల్ఫీ బేస్ క్లారినెట్‌తో పక్కన చేరాడు. పేరు చూసి రాగం కోసం వెతికితే నిరాశే, అందులో ఏ రాగమూ లేదు, అనుకరించాలన్న ప్రయత్నమూ లేదు. కోల్‌ట్రేన్ మన దగ్గర నుంచి తీసుకున్నది ఒక్కటే: షడ్జమం కదలకపోతే మనసు ఎంతదూరమైనా పోయి రావచ్చన్న ధీమా. మూడు షడ్జమాల మీద గెంతిన మనిషికి అది ఎంత విడుదలో ఊహించవచ్చు. ఈ రచన చేసిన ప్రయాణం కూడా చిత్రమైంది. 'ద బర్డ్స్' అనే రాక్ బృందం యాత్రల్లో బస్సులో కోల్‌ట్రేన్ టేపులు పెట్టుకుని తిరిగింది. 1966లో వాళ్లు విడుదల చేసిన 'ఎయిట్ మైల్స్ హై' పాటలో గిటార్ ఎత్తుకునేది 'ఇండియా' పలుకే.

1961 నవంబర్‌లోనే డౌన్‌బీట్ అనే జాజ్ పత్రికలో జాన్ టైనన్ ఈ సంగీతాన్ని జాజ్ వ్యతిరేకం అని కొట్టిపారేశాడు. కోల్‌ట్రేన్, డాల్ఫీ 1962లో అదే పత్రికలో ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. ఆ మర్యాదే విమర్శకుణ్ణి ఎక్కువ ఇబ్బంది పెట్టి ఉంటుంది. ఆ పైన అతను ఒక ఆల్బం నిండా నెమ్మది ప్రేమగీతాలు, పాతతరం జాజ్ దిగ్గజం డ్యూక్ ఎల్లింగ్టన్‌తో ఒకటి, గాయకుడు జానీ హార్ట్‌మన్‌తో ఒకటి చేశాడు. అల్లరి తప్ప ఏమీ రాదన్నవాళ్లు ఆ మూడూ విని నోరు మూసుకున్నారు.

రవిశంకర్‌తో పరిచయం పెరిగింది, కూర్చుని మాట్లాడి రాగతాళాల గురించి తెలుసుకున్నాడు. 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టాడు. ఆ రవి కోల్‌ట్రేన్ ఇప్పుడు పేరున్న శాక్సోఫోన్ విద్వాంసుడు. అయితే ఆ అనుబంధాన్ని మరీ తియ్యగా చెప్పుకోనక్కర్లేదు. మాంసం మానేసి, గీత చదివే ఈ మనిషి సంగీతంలో ఇంత కల్లోలం ఎందుకని తనకు బాధ కలిగిందని రవిశంకర్ తర్వాత రాశాడు. రవిశంకర్‌కు అర్థంకాని ఆ కల్లోలానికి అమెరికాలో చిరునామా ఉంది. 1963 సెప్టెంబర్ 15న అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ల చర్చిలో శ్వేతజాత్యహంకారులు పెట్టిన బాంబు నలుగురు ఆడపిల్లల్ని చంపింది. రెండు నెలలకు, నవంబర్ 18న, కోల్‌ట్రేన్ 'అలబామా' రికార్డు చేశాడు. పియానో కింది స్వరాల్లో గుడగుడమంటూ గొణుగుతుంటే పైన శాక్సోఫోన్ తాళం లేకుండా ఆగి ఆగి మాట్లాడుతుంది. ఐదు నిమిషాలు. వేగం లేదు, వరుసల ప్రదర్శన లేదు. అన్నీ చేతనైనవాడు అన్నీ పక్కనపెట్టి వాయించిన ఐదు నిమిషాలు. కోల్‌ట్రేన్ సంగీతంలో మొదట ఏది వినాలని ఎవరైనా అడిగితే దీన్నే చెప్పాలి.

'ఎ లవ్ సుప్రీమ్' దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పటం అడ్డొస్తుంది. 1964లో లాంగ్ ఐలండ్‌లోని డిక్స్ హిల్స్ ఇంట్లో మేడమీద గదిలో కొన్ని రోజులు ఒంటరిగా ఉండి, ఒకరోజు చేతిలో మొత్తం రచనతో మెట్లు దిగి వచ్చాడని, బైబిల్లో కొండ దిగిన మోషే ప్రవక్తలా కనిపించాడని రెండో భార్య ఆలిస్ చెప్పింది. డిసెంబర్ 9న న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో ఒక్క పూటలో నలుగురూ వాయించేశారు. నాలుగు భాగాలు, సుమారు 33 నిమిషాలు.

ఇది ఎలా కట్టారో చూస్తే కొండ కంటే కార్ఖానా ఎక్కువ కనిపిస్తుంది. మొదట గంట మోగుతుంది, శాక్సోఫోన్ చిన్న ఆలాపన చేస్తుంది. అప్పుడు బేస్ నాలుగు స్వరాలు మొదలుపెడుతుంది: షడ్జమం, సాధారణ గాంధారం, మళ్లీ షడ్జమం, మధ్యమం. స గ స మ. శీర్షికలోని నాలుగు అక్షరాలకు నాలుగు స్వరాలు. కోల్‌ట్రేన్ కల్పన ముగింపుకొచ్చేసరికి ఈ ముక్కను పట్టుకుని పన్నెండు శ్రుతుల్లోనూ తిప్పుతాడు. కింద బేస్ తన శ్రుతి మీదే ఉంటుంది, పైన ఇతను ఇల్లిల్లూ తలుపు తట్టి వస్తాడు. 'జెయింట్ స్టెప్స్'లో షడ్జమాల మీద గెంతడానికి తోమిన వేళ్లే ఇక్కడా పనిచేస్తున్నాయి. ఆనాడు అది లెక్క, ఇప్పుడు దేవుడు లేని చోటు లేదని చెప్పే పద్ధతి. అంతా తిరిగొచ్చాక శాక్సోఫోన్ దించి, ఆ నాలుగు అక్షరాల్ని నోటితో జపంలా పలుకుతాడు. అప్పటిదాకా విన్నది మాటేనని అప్పుడు తెలుస్తుంది.

చివరి భాగం 'సామ్', అంటే కీర్తన. ఆల్బం అట్టలోపల కోల్‌ట్రేన్ రాసిన ప్రార్థన కవిత ఒకటి అచ్చయింది. చాలాకాలం అది వేరు, సంగీతం వేరు అనుకున్నారు. లూయిస్ పోర్టర్ అనే పరిశోధకుడు రెంటినీ పక్కనపెట్టి చూస్తే, శాక్సోఫోన్ ఆ కవితను అక్షరం వెంట అక్షరంగా చదువుతోందని తేలింది. 'దేవా నీకు వందనం' అనే పాదం వచ్చినప్పుడల్లా స్వరం కిందికి దిగి ఆధారం మీద వాలుతుంది. పౌరాణిక నాటకాల్లో పద్యం విన్న తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. తాళం ఆగుతుంది, పాదం విరిగినచోట రాగం విరుగుతుంది, ఆఖరి అక్షరం మీద సాగదీత. తేడా అల్లా అక్కడ నటుడి నోట మాటలు వినపడతాయి, ఇక్కడ వినపడవు. కవిత చేతిలో పెట్టుకుని వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. వేదిక మీద దీన్ని పూర్తిగా వాయించినట్టు టేపుల్లో దొరికినవి రెండే సందర్భాలు, రెండూ 1965లోవే: ఫ్రాన్స్‌లోని ఆంటిబ్‌లో జులైలో, సియాటిల్‌లో అక్టోబర్‌లో. రెండోది 2021లో గాని బయటికి రాలేదు.

ఇంత పేరు తెచ్చిన దాన్ని ఇంకెవరైనా పదేళ్లు వాయించుకుని బతికేవారు. కోల్‌ట్రేన్ ఆరు నెలలకే, 1965 జూన్ 28న, తనతో కలిపి పదకొండుమందితో 'అసెన్షన్' రికార్డు చేశాడు. నలభై నిమిషాల హోరు. ఫరో శాండర్స్ రెండో శాక్సోఫోన్‌గా చేరాడు, రషీద్ అలీ రెండో డ్రమ్మర్‌గా. హోరులో తన పియానో తనకే వినపడటం లేదని మెకాయ్ టైనర్ ఆ ఏడాది చివర వెళ్లిపోయాడు, కొద్దికాలానికే ఎల్విన్ జోన్స్ కూడా. పియానో ముందుకి ఆలిస్ వచ్చింది.

ఈ చివరి రెండేళ్ల సంగీతం మీద భక్తులకూ విరోధులకూ నేటికీ రాజీ కుదరలేదు. అంతా ఒక్క గాటన కట్టడం ఇద్దరి తప్పూ. 1965 అక్టోబర్‌లో చేసిన 'ఓమ్' ఉంది. భగవద్గీత వాక్యాల పఠనంతో మొదలవుతుంది కాబట్టి మనవాళ్లకు ముచ్చటగా ఉండొచ్చు, కానీ పేరులో భారతదేశానికి అంత దగ్గరగా వచ్చిన ఆ రికార్డే అతని ఆల్బంలన్నిటిలో పలచనైనది. పఠనం, అరుపులు, గందరగోళం ఒకదానికొకటి అతకవు. దానికి పూర్తి భిన్నంగా 1967 ఫిబ్రవరిలో రషీద్ అలీ ఒక్కడితో వాయించిన 'ఇంటర్‌స్టెల్లర్ స్పేస్'. బేస్ లేదు, పియానో లేదు, శ్రుతి పట్టి ఉంచేవాళ్లే లేరు. అయినా ప్రతి రచనకూ లోపల అస్థిపంజరం ఉంది. చిన్న ముక్క పట్టుకోవడం, దాన్ని తిప్పడం, పైకీ కిందికీ రెండు గొంతులతో తనతో తానే వాదించుకోవడం. మళ్లీ సాధకమే.

1966 జులైలో జపాన్ యాత్రలో విలేకరులు అడిగారు, పదేళ్ల తర్వాత ఏం కావాలనుకుంటున్నారని. పునీతుణ్ణి కావాలనుంది అన్నాడు. చర్చి పటానికి ఆధారం చూపించేవాళ్లు ఈ మాటనే చూపిస్తారు. టేపులో ఆ మాట వెంట నవ్వు కూడా ఉంది, దాన్ని మాత్రం ఎవరూ పటం కట్టలేదు. అదే యాత్రలో నాగసాకి వెళ్లి అణుబాంబు మృతుల స్మారకం దగ్గర ప్రార్థన చేశాడు. ఏడాది తిరిగేసరికి, 1967 జులై 17న, లాంగ్ ఐలండ్ ఆస్పత్రిలో లివర్ క్యాన్సర్‌తో పోయాడు. అంత్యక్రియల్లో తోటి శాక్సోఫోన్ వాద్యకారులు ఆల్బర్ట్ ఐలర్, ఆర్నెట్ కోల్‌మన్ వాయించారు. రవిశంకర్ దగ్గర కొన్నాళ్లు కూర్చుని పద్ధతిగా నేర్చుకోవాలన్న ఆలోచన అలాగే మిగిలిపోయింది.

భారతదేశం వైపు అతను వేయబోయిన అడుగులు ఆలిస్ వేసింది. డెట్రాయిట్ చర్చిలో పియానో వాయించి పెరిగిన ఆమె ముందు యోగ గురువు స్వామి సచ్చిదానంద శిష్యురాలైంది, 1971లో హార్ప్, తంబూరా కలిపి 'జర్నీ ఇన్ సచ్చిదానంద' ఆల్బం విడుదల చేసింది. తర్వాత కాషాయం కట్టి తురీయసంగీతానంద అని పేరు మార్చుకుంది. 1983లో లాస్ ఏంజెలెస్ దగ్గర అగూరా హిల్స్‌లో కట్టుకున్న ఆశ్రమానికి తర్వాత పెట్టిన పేరు సాయి అనంతం. ఆ సాయి మన పుట్టపర్తి సత్యసాయిబాబాయే. పుట్టపర్తి అప్పట్లో అనంతపురం జిల్లాలోది కాబట్టి రెండో మాట కూడా తెలుగు చెవికి తట్టక మానదు. అక్కడ ఆమె సంస్కృత భజనలకు డెట్రాయిట్ చర్చి బాణీ, ఆర్గాన్, సింథసైజర్ కలిపి భక్తులతో పాడించి, ఆశ్రమంలో పంచుకోవడానికి క్యాసెట్లు చేసింది. 2017లో అవి బయటి లోకానికి విడుదలయ్యాక, చప్పట్లూ గంజీరలూ కలిసిన ఆ భజనలు విని సగం ప్రపంచం నోరెళ్లబెట్టింది. ఆమె 2007లో పోయింది. ఆశ్రమం 2018 కార్చిచ్చులో కాలిపోయింది.

వాద్యం వైపు నుంచి వారసత్వం వేరే దారుల్లో నడిచింది. ఏ టెనర్ శాక్సోఫోన్ వాద్యకారుడైనా ముందు కోల్‌ట్రేన్‌లా వాయించడం నేర్చి, తర్వాత ఇరవై ఏళ్లు అది వదిలించుకోవడానికి తంటాలు పడాల్సిందే. మన దేశంలో శాక్సోఫోన్‌కు గమకం పలికించిన కద్రి గోపాల్‌నాథ్ పూర్తిగా వేరే తోవలో వచ్చాడు. ఆయనా, జాజ్ బడిలో పెరిగిన రుద్రేశ్ మహంతప్పా కలిసి 2008లో 'కిన్స్‌మెన్' చేశారు. కోల్‌ట్రేన్ 1961లో ఆధార శ్రుతి వరకు వచ్చి ఆగిన వంతెనకు అవతలి గట్టు అది. అలమారాల్లోంచి టేపులు ఇంకా వస్తూనే ఉన్నాయి: 1963లో చేసి మరచిపోయిన స్టూడియో ఆల్బం 2018లో, 1961 నాటి విలేజ్ గేట్ కచేరీ 2023లో. 2007లో పులిట్జర్ బహుమతి కమిటీ మరణానంతరం ప్రత్యేక గౌరవం ప్రకటించింది. 'ఎ లవ్ సుప్రీమ్' చేతిరాత ప్రతి వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

'జెయింట్ స్టెప్స్' మాత్రం మ్యూజియంలోకి పోలేదు. జాజ్ నేర్పే కళాశాలల్లో సాధన గదుల ముందు నడిస్తే ఏదో ఒక తలుపు వెనక ఆ మూడు షడ్జమాలు దెబ్బలు లెక్కపెట్టే మెట్రోనోమ్ మీద నెమ్మదిగా కుంటుతుంటాయి. ఒకప్పుడు అతను దాటి వదిలేసిన మెట్టు ఇప్పుడు అందరికీ ప్రవేశపరీక్ష.

ఆ పరీక్షలో మొట్టమొదట తప్పినవాడు టామీ ఫ్లానగన్. అతను 1982లో, కోల్‌ట్రేన్ పోయిన పదిహేనేళ్లకు, జార్జ్ మ్రాజ్ బేస్, అల్ ఫాస్టర్ డ్రమ్స్‌తో ఒక ఆల్బం చేశాడు. కోల్‌ట్రేన్ స్మృతికి అంకితం, పేరు 'జెయింట్ స్టెప్స్'. శీర్షిక రచన వస్తుంది. ఇరవైమూడేళ్ల కిందట వాక్యం తెగిన చోటు వస్తుంది. ఈసారి వేళ్లు ఆగవు. హడావిడి లేకుండా, కొంచెం సరసంగా కూడా, చుట్టు తర్వాత చుట్టు వాయించుకుంటూ పోతాడు.